రెండు ఒకట్ల నడుమ

ఆ బ్యాండులో మనుషులు అయిదుగురు, వినబడేది నలుగురు. అయిదో మనిషి వేదిక మీద మృదంగానికీ డ్రమ్ములకీ మధ్య చేతుల్లేని కుర్చీలో కూర్చుని, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ ఉండేది. ఆవిడ ముందు మైకు ఉండదు. పోస్టరు మీద నాలుగు బొమ్మలే పడేవి. కచేరీ అయ్యాక జనం ఆ నలుగురి చుట్టూ మూగి ఫోటోలు దిగుతుంటే, ఆవిడ వైర్లు చుట్టలు చుట్టి సంచీలో సర్దేది. అది చూసి చాలామంది సామాన్ల మనిషి అనుకున్నారు. ఒకాయన అయితే బాత్రూము ఎటువైపని అడిగాడు. ఆవిడ చూపించింది.

అందరికీ ఆవిడ తాళం అక్క. ఇంట్లో భర్త కూడా "తాళం అక్కగారూ, ఒక టీ దయచేయిస్తారా?" అనేవాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "నాదీ పైకీ కిందికీ, నీదీ పైకీ కిందికీ. జోడీ చూసే కలిపారు" అని పెళ్ళయిన మొదటి వారంలో అన్నాడు. పాతికేళ్ళుగా వారానికొకసారి అంటూనే ఉన్నాడు. ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు తనే ముందు నవ్వేవాడు.

లోకంలో ఇలాంటి మనుషులు కొల్లలు. నాటకంలో తెర వెనక పుస్తకం పట్టుకుని మాట అందించేవాడు, ఓడ రేవులోకి వస్తుంటే గట్టు మీద జెండా ఊపేవాడు, పైనెక్కినవాడి కోసం కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు. పని సవ్యంగా జరిగినంతకాలం వీళ్ళున్న సంగతే ఎవరికీ పట్టదు. చెడినరోజు మాత్రం అన్ని తలలూ వీళ్ళవైపే తిరుగుతాయి. దీని మీద పెద్ద పెద్ద మాటలతో పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. తాళం అక్క మాట మటుకు చిన్నది: "నాకక్కడ కూర్చోవడం ఇష్టం."

ఆ ఇష్టం ఏడో ఏట పుట్టింది. తండ్రి తూనికలూ కొలతలూ తనిఖీచేసే ఆఫీసులో గుమాస్తా. ఇంటికొచ్చాక మృదంగం. నాలుగేళ్ళ కొడుకు ముందు చిన్న మృదంగం పెట్టి, కూతుర్ని పిలిచి, "నువ్వు తాళం వెయ్యవే, వాడు వాయిస్తాడు" అన్నాడు. మిఠాయి పొట్లం విప్పి చెరోటి చేతిలో పెట్టినంత మామూలుగా అన్నాడు. అందులో అన్యాయం ఏమైనా ఉందా అన్న ఆలోచన ఆవిడకి ముప్ఫయ్యో ఏట ఒకసారి వచ్చింది. అప్పటికి పొయ్యి మీద పాలు పొంగుతుండడంతో వెళ్ళిపోయింది.

తండ్రి పరీక్షలు పెట్టేవాడు. తాళం వేస్తుండగా పదమూడో ఎక్కం అప్పజెప్పమనేవాడు. వెనకనుంచి వచ్చి నెత్తిన చన్నీళ్ళు చిలకరించేవాడు. చెయ్యి ఆగకూడదు. తొమ్మిదో ఏట ఒక ఆదివారం సాయంత్రం పిల్ల గోడకి ఆనుకుని నిద్రపోయింది. చెయ్యి మాత్రం తొడ మీద పడుతూనే ఉంది. తండ్రి పెదవి మీద వేలు పెట్టి, భార్యని పిలిచి చూపించాడు. ఆ పూట తాళం తప్పింది నిద్రపోయిన పిల్ల కాదు, మెలకువగా ఉన్న పిల్లాడు. లెక్క సంగతి చెయ్యి చూసుకుంటుంటే మనసు ఎక్కడికైనా వెళ్ళి రావచ్చని ఆవిడ ఆనాడే కనిపెట్టింది.

పెద్దయ్యాక దర్జీ పని పట్టుకుంది. కొత్త బట్టలు కుట్టదు, ఉన్నవాటిని సరిచేస్తుంది. బిగువైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి మడిచి కుడుతుంది. దుకాణం ఒక మేడ కింద సగం నేలలోకి దిగి ఉంటుంది. కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు తప్ప ఏమీ కనబడవు. ఇస్త్రీపెట్టె ఆవిరి కిటికీ అద్దానికి పట్టినప్పుడు, ఆ పాదాలు మబ్బుల్లో నడుస్తున్నట్టుండేవి. ఆవిడ కాలు తొక్కుడు మిషను మీద ఆడుతుంటే, బయట పాదాలు ఆ లయకే నడుస్తున్నాయా, తన కాలే వాటి వెంట పడుతోందా అన్నది మధ్యాహ్నం మూడయ్యేసరికి తేలేది కాదు.

తమ్ముడికి కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. ఫ్రేముల్లో అద్దాలు బిగించే పని. తండ్రి పోయాక అతను మృదంగం మీద దుప్పటి కప్పి రెండేళ్ళు ముట్టుకోలేదు. పక్క వీధిలో డ్రైవింగ్ స్కూలు మాస్టరు ఒకడు కళ్ళజోడు సరిచేయించుకోవడానికి వచ్చి, మాటల్లో పడి, విషయం లాగి, వెంటపడి దుప్పటి తీయించాడు. ఇతను డ్రమ్ములు వాయిస్తాడు. పాఠం చెప్పే కారులో తనవైపు కూడా బ్రేకు ఉంటుంది కనక అందరూ ఇతన్ని బ్రేకులు అంటారు. వాయించేటప్పుడు మటుకు అవి ఉన్నట్టు ఎవరికీ అనిపించదు. వీళ్ళకి గిటారుతో లెక్కల మాస్టారూ, శాక్సఫోనుతో పళ్ళ డాక్టరు దగ్గర కంపౌండరూ జతపడ్డారు. ఒకడిది రాక్, ఒకడిది జాజ్, తమ్ముడిది మృదంగం. మొట్టమొదట పట్టుకున్న పాట తండ్రి కట్టింది, మోహన రాగంలో చిన్న పాట.

పొరపాటు జరిగింది అక్కడే. అది అర్థం కావాలంటే తాళం సంగతి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్ళీ దెబ్బ, చెయ్యి తిరగేత, ఇంకో దెబ్బ, ఇంకో తిరగేత. అక్కడితో చుట్టు పూర్తయి మళ్ళీ మొదటి దెబ్బ పడుతుంది. అది ఒకటి. కానీ పాట ఆ ఒకటి మీదే మొదలవ్వాలన్న నియమం లేదు. తండ్రి పాట మొదటి దెబ్బ పడ్డాక ఒకటిన్నర లెక్కలు ఆగి గానీ నోరు తెరవదు. మృదంగం ఎన్ని వీధులు తిరిగొచ్చినా ముక్తాయింపు వాలేది కూడా పాట ఎత్తుకున్న ఆ చోటే, మొదటి దెబ్బ మీద కాదు.

మొదటి రిహార్సలు రోజున, ఒక నర్సు యూనిఫారం చంక దగ్గర చినిగిందని వచ్చి దుకాణంలో కూర్చుంది. అది కుట్టి పంపేసరికి తాళం అక్కకి అరగంట ఆలస్యమైంది. ఈలోపు తమ్ముడు రెండు చేతులూ మృదంగం మీద ఉంచి నోటితో పాట అందుకున్నాడు. తాళం అతని మనసులో ఉంది, బయటికి కనబడదు. పాట మొదలైన చోటే ఒకటి అనుకుని బ్రేకులు పెద్ద డ్రమ్ము మీద కాలు వేశాడు. రాక్ వాయించి పెరిగినవాడు ఇంకెక్కడ అనుకుంటాడు? ముక్తాయింపు రాగానే ఇద్దరూ సరిగ్గా ఒక్కచోటే వాలారు. వాలరూ మరి! ఎవరి లెక్క ప్రకారం వాళ్ళు సరిగ్గానే ఉన్నారు. కుదిరిందిరా అంటే కుదిరిందిరా అనుకుని కావలించుకున్నారు.

తాళం అక్క అప్పుడు వచ్చి కూర్చుని చెయ్యి ఎత్తింది. తన దెబ్బ ఒకచోట, డ్రమ్ము దెబ్బ ఇంకోచోట. "ఆపండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదే క్షణంలో తమ్ముడు తలెత్తి నవ్వాడు. వాడు పళ్ళు కనబడేలా నవ్వి రెండేళ్ళయింది. పైగా పాట ఊగుతోంది, గట్టుకి కట్టిన పడవని నీళ్ళు అటొకసారి ఇటొకసారి లాగుతున్నట్టు. తండ్రి వాయించినప్పుడు అదెప్పుడూ అలా ఊగలేదు. ఆవిడ మాట మింగేసింది. చెయ్యి తమ్ముడి లెక్కలో వేస్తూ, తల మాత్రం డ్రమ్ము లెక్కలో ఆడించింది. తమ్ముడు చిన్నప్పటినుంచీ చూసేది అక్క చేతినే. బ్రేకులు చూసేది తలని. పక్క సీట్లో కూర్చున్నవాడు బండి ఎటు తిప్పబోతున్నాడో తల కదలికలో పసిగట్టడం అతని వృత్తి. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ రేపు తొమ్మిదేళ్ళు సాగింది.

చెయ్యి పడడానికీ తల వంగడానికీ నడుమ ఒకటిన్నర లెక్క. రెప్ప వేసి తీసేంత వ్యవధి. ఆవిడ అందులో కాపురం పెట్టింది. చెయ్యి పడగానే ఒక గది తెరుచుకునేది. ఆ గదిలో ఎప్పుడూ మధ్యాహ్నమే. తండ్రి అప్పుడే ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలో చెప్పు విడుస్తుండేవాడు. తల వంగగానే గది మూసుకునేది. చుట్టు తిరిగొచ్చి మళ్ళీ తెరుచుకుంటే రెండో చెప్పు. ఆ తర్వాత చుట్టుకి గొడుగు మూల పెట్టడం, ఆ తర్వాత దానికి చొక్కా గుండీ. అలా ఒక్కొక్క చుట్టుకీ ఒక్కొక్క పని చేస్తూ, పది నిమిషాల పాట అయ్యేసరికి ఆయన లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, కిటికీ దగ్గర నిలబడేవాడు. ఎప్పుడైనా శాక్సఫోను మంచి ఊపు మీద ఉండి పాట సాగదీస్తే ఇటు తిరిగేవాడు కూడా. జనం చప్పట్లు కొడుతుంటే ఆవిడ ఎక్కడో దూరం నుంచి వచ్చినదానిలా కళ్ళు నులుముకునేది. "అక్కకి మన పాటలకి నిద్రొస్తుంది" అని కంపౌండరు ఎకసెక్కాలాడేవాడు.

బ్యాండు పెట్టిన తొమ్మిదో ఏట వాళ్ళ పాటలు రికార్డు చేస్తామని ఎవరో ముందుకొచ్చారు. మందుల దుకాణం పైన మూడో అంతస్తులో రికార్డింగు గది. గోడల నిండా గుంటలు గుంటలుగా స్పాంజి. అక్కడ దగ్గితే దగ్గు కూడా నోట్లోనే ఉండిపోయినట్టుంటుంది. రికార్డిస్టు జుట్టు పిలక వేసుకున్న కుర్రవాడు, మర్యాదస్థుడు. అందరికీ మైకులు పెట్టుకుంటూ వచ్చి కుర్చీ దగ్గర ఆగాడు.

"మేడమ్‌గారు ఏం వాయిస్తారు సార్?"

"మా అక్క. తాళం వేస్తుంది" అన్నాడు తమ్ముడు.

"దేంతో?"

"చేత్తో."

కుర్రవాడు ఆ చేతికేసి, మైకుకేసి చూశాడు. "చప్పుడేం రాదుగా మరి?"

"రాదు" అంది తాళం అక్క.

"అయితే క్లిక్ పెట్టేద్దాం సార్. అందరి చెవుల్లోనూ టిక్కు టిక్కుమంటుంది, వెంట్రుకవాసి తేడా రాదు. ఒక్కొక్కరిని విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. మేడమ్‌గారు హాయిగా బయట సోఫాలో కూర్చోవచ్చు."

లెక్కల మాస్టారు బాగానే ఉన్న తీగని మళ్ళీ శ్రుతి చేశాడు. కంపౌండరు శాక్సఫోను నోట్లో పెట్టుకున్నాడు. అది నోట్లో ఉంటే జవాబు చెప్పనక్కర్లేదు కదా. "ఈ ఒక్క పాటకేలే అక్కా" అన్నాడు తమ్ముడు, మృదంగం తోలువార్లు బిగించుకుంటూ, తలెత్తకుండా.

ఒక పాటకి పనికొచ్చిన క్లిక్కు రెండో పాటకీ పనికొస్తుంది. రేపు కచేరీకీ వస్తుంది. ఆ తర్వాత చేతుల్లేని కుర్చీ వ్యాన్ ఎక్కదు. ఇది ఆవిడకి అక్కడికక్కడే అర్థమైంది. లేచి వెళ్ళి సోఫాలో కూర్చుంది. అది మరీ మెత్తటి సోఫా, కూర్చున్న మనిషిని మింగేసేది. గది తలుపు మాత్రం తెరిచే ఉంది.

ముందు బ్రేకులు వాయించాడు. చక్కగా కుదిరింది. దాని మీద తమ్ముడు అందుకున్నాడు. నాలుగు చుట్లయ్యాక ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ ఆగాడు. మూడోసారి చెవులకున్నవి తీసి పక్కన పెట్టాడు.

"బాబూ, నీ టిక్కు తప్పుచోట కొడుతోంది."

"కంప్యూటర్ తప్పు కొట్టదు సార్."

"నేను కొడతానా? నలభై ఏళ్ళ చెయ్యి ఇది!"

బ్రేకులు అద్దాల గదిలోంచి తల బయటపెట్టాడు. "ఏంట్రా గొడవ? నాకు బ్రహ్మాండంగా ఉందే."

"నీకు బ్రహ్మాండంగా ఉందంటే అక్కడే ఏదో తేడా ఉంది."

రికార్డిస్టు తెర మీద రెండు వాయింపుల గీతలూ పైనా కిందా పరిచి చూపించాడు. "మీ ఒకటి ఇక్కడుంది సార్. ఈ సార్ ఒకటి అక్కడుంది. మధ్యలో ఇంత ఖాళీ."

సోఫాలోంచి తాళం అక్కకీ ఆ తెర కనబడింది. రెండు గీతల నడుమ వేలెడు నల్లటి జాగా. తను తొమ్మిదేళ్ళు మసిలిన గదిని ఎవరో గోడ కూలదోసి వీధిలోకి చూపించినట్టయింది.

"ఒరే, ఇన్నాళ్ళూ నువ్వు పాట మొదలునే తాళం మొదలనుకున్నావా?" అన్నాడు తమ్ముడు.

"పాట మొదలు మొదలు కాకపోతే ఇంకేది మొదల్రా? బండి రోడ్డెక్కినచోటే కదా ప్రయాణం మొదలు!"

"షెడ్డులోంచి తియ్యద్దూ ముందు!"

"మరి తొమ్మిదేళ్ళు ఎలా కుదిరింది?" అన్నాడు లెక్కల మాస్టారు. ఈ లెక్క తనకి తట్టకపోవడం ఆయనకి తలవంపుగా ఉంది. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నాలుగు తలలూ మెల్లగా సోఫావైపు తిరిగాయి.

"కుదరలేదు. నేను కుదిర్చాను" అంది తాళం అక్క. "చెయ్యి వాడికి, తల నీకు."

బ్రేకులు మొహం ఎర్రబడింది. "మొదటిరోజే చెప్పొచ్చుగా అక్కా!"

"చెప్తే మీరిద్దరూ ఆరోజే కొట్టుకునేవారు. వీడు మళ్ళీ దుప్పటి కప్పేసేవాడు."

"పోనీ రెండోరోజు?"

ఆవిడ సోఫా అంచు పట్టుకుని, అందులోంచి ఎలాగో పైకి లేచింది.

క్లిక్ తీసేసి, ఆవిణ్ణి మళ్ళీ మధ్యలో కూర్చోబెట్టి వాయించి చూశారు. పాట నడవలేదు. బ్రేకులు కళ్ళు తలమీంచి జారి చేతిమీదకి పోతున్నాయి. తమ్ముడు చెయ్యి వదిలి తలకేసి చూస్తున్నాడు. తెలియక ముందు కళ్ళు మూసుకుని దిగిన మెట్లు, తెలిశాక ఇద్దరికీ కాళ్ళకి అడ్డం పడ్డాయి. "ఒకటి ఎక్కడుందో తెలియని బ్యాండులో నేను వాయించను" అని బ్రేకులు పుల్లలు సంచీలో పడేసి వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున్న దుకాణం కిటికీలో రెండు బూట్లు వచ్చి ఆగాయి. ముందుకెళ్ళాయి, వెనక్కొచ్చాయి. కాసేపటికి బ్రేకులు ఒక ప్యాంటు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

"కింద కాస్త పొడుగైంది."

"కొన్నప్పుడు కాలేదా?"

"అప్పుడు నాకు ఒకటి ఎక్కడుందో తెలుసనుకున్నాను. పొడుగూ సరిపోయిందనుకున్నాను." ఇద్దరూ నవ్వలేదు. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, రెండు దారులున్నాయి. అంతా మర్చిపోయి ఎప్పటిలా నీ తలనే చూడాలి. అది నా వల్ల కాదు. లేదా నువ్వు నాకు నేర్పాలి."

రెండోది చేస్తే ఏమవుతుందో భర్త ముందురోజే చెప్పాడు. "వాడికి నేర్పావంటే ఇంక నిన్నెవడూ చూడడు."

"నువ్వు చూడవా?"

"నేను చూస్తే నీకు తాళం తప్పుతుందిగా" అని అతను ఎంతో గొప్పమాట అన్నట్టు టీ గ్లాసు ఎత్తాడు. ఆవిడకి నవ్వొచ్చింది గానీ, గుండెలో ఆ మాట సూదిలా దిగింది.

ప్యాంటు బల్ల మీద పరిచి, కొలత టేపు అంచున పెట్టి, సుద్దముక్కతో గీత గీసింది. "అంచునుంచి ఒకటిన్నర అంగుళం మడతకి వదిలాను. నువ్వు వేసుకున్నాక పొడుగు కనబడేది ఈ గీత దగ్గర్నుంచే. మరి గుడ్డ ఎక్కణ్ణుంచి మొదలు?"

"అంచునుంచి."

"ప్యాంటు?"

"గీతనుంచి" అన్నాడు బ్రేకులు. సుద్దగీత మీద వేలు పెట్టి మెల్లగా అంచుదాకా జరిపాడు. బయట ఎవరివో చెప్పుల పాదాలు తీరుబడిగా నడిచిపోయాయి.

మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం వచ్చాడు. ఆవిడ మిషను తొక్కుతూ లయ పడితే, అతను తొడ మీద తాళం వేస్తూ పాట పాడాలి. నలభై రెండేళ్ళ మనిషి, మొదటి దెబ్బ వేయగానే నోరు తెరిచేసేవాడు. "ఆగు. మడత వదులు" అనేది. కుడికాలి బూటుతో నేల తన్నేవాడు, లేని బ్రేకు కోసం. తమ్ముణ్ణి కూడా పిలిపించింది. "నాకెందుకు? తప్పు వాడిది" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "నీదొక ఒకటి, వాడిదొక ఒకటి. రెండూ వినాల్సింది ఇద్దరూ. కూర్చో" అంది, తండ్రి గొంతుతో. కూర్చున్నాడు. అతనికే ఎక్కువ కష్టమైంది. తెలిసినవాడికి ఎప్పుడూ అంతే. నాలుగో వారంలో ఒకరోజు ఇద్దరూ మొహాలు గోడవైపు తిప్పుకుని, బల్ల మీద అరచేతులతో పాట మొత్తం వాయించారు. ఎవరి ఒకటి వాళ్ళు పట్టుకుని, ఎదుటివాడిది వింటూ. బల్ల ఊగింది. పడవ కట్టు విప్పినట్టు ఊగింది. ఆవిడ మిషను ఎప్పుడో ఆపేసింది. వాళ్ళు గమనించలేదు.

క్లిక్కు కుదరదని రికార్డిస్టుకి అర్థమైంది. అందరూ కలిసి ఏదైనా హాల్లో, కొంతమంది జనాన్ని పిలుచుకుని ఒక్క ఊపులో వాయించండి, అలాగే పట్టేస్తానన్నాడు. ఒక ఆదివారం, పదకొండు గంటలకి. పై కిటికీల్లోంచి ఎండ వాలి దుమ్ములో పలకలు పలకలుగా నిలబడింది. తమ్ముడు తనే కుర్చీ మోసుకొచ్చి ఎప్పటిచోట వేశాడు. "కూర్చో అక్కా. ఇది నీదే" అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు.

ఆవిడ కూర్చుంది. చెయ్యి పడింది, తల వంగింది. తండ్రి పాట ఎత్తుకున్నారు. పది చుట్లు గడిచాయి. తమ్ముడు చేతికేసి చూడలేదు, కళ్ళు మూసుకున్నాడు. బ్రేకులు తలకేసి చూడలేదు, తమ్ముడి వేళ్ళు చూస్తున్నాడు. ఇరవయ్యో చుట్టులో ఆవిడ తల ఆడించడం మానేసింది. ఏమీ కాలేదు. ఇంకాసేపు చూసి, నడిమి వేలు లెక్కపెట్టాక, చెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

ఏడో ఏటినుంచీ పాట నడుస్తుండగా ఆ చెయ్యి ఆగడం అదే మొదలు. మెట్టు ఉందనుకుని వేసిన కాలు గాల్లోకి పోయినట్టు ఆవిడ ఒక్కసారి జారింది. తర్వాత జారడం ఆగి తేలడం వచ్చింది. శాక్సఫోను తండ్రి స్వరాన్ని పట్టుకుని ఎటో తీసుకుపోతోంది. గిటారు ఆ వెనక దూరంగా, వాన పడని మబ్బులా ఉరుముతోంది. మృదంగమూ డ్రమ్ములూ ఒకదాన్నొకటి తాకకుండా ఒకే వాకిట్లో తిరుగుతున్నాయి. గది తెరుచుకోలేదు, మూసుకోనూలేదు. గోడలే లేవు. తండ్రి కూడా లేడు, వచ్చినంతసేపు ఉండి వెళ్ళినట్టున్నాడు. ఎంతసేపైందో ఆవిడకి తెలియలేదు. చిటికెన వేలు అలవాటు కొద్దీ ఒకసారి కదలబోయి ఊరుకుంది.

ముందు వరసలో ఒక పెద్దాయన మొదటినుంచీ ఆవిడ చేతినే చూస్తూ, తన మోకాలి మీద తాళం వేసుకుంటున్నాడు. ఆ చెయ్యి ఆగగానే ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అటూ ఇటూ చూశాడు. పక్కావిడ మోకాలు చూశాడు, అక్కడేమీ దొరకలేదు. చివరికి తాళం అక్కకేసి కళ్ళెగరేసి, చూపుడువేలు ఒక్కటి నిలబెట్టి, ఒకటి ఎక్కడమ్మా అని సైగ చేశాడు.

ఆవిడ రెండు అరచేతులూ పైకి తిప్పి, ఏమో తెలీదన్నట్టు చూపించింది. అబద్ధం కాదు. నిజంగానే తెలియలేదు. పాట సాగుతూనే ఉంది.